పుల్లలు ముందే దిగొచ్చాయి

ముందు నాకు కనిపించింది మనుషులు కాదు, పుల్లలు. మధ్యాహ్నం నుంచీ మబ్బు కొండ మీంచి జారి మా గుడారాల మీదే కూర్చుంది. ఆ తెలుపులోంచి ఎర్ర రిబ్బన్లు కట్టిన వెదురు పుల్లల కట్ట ఒకటి ఊగుతూ వచ్చింది, తర్వాత దాన్ని మోస్తున్న వీపు సంచీ, తర్వాత ఎల్డన్ రాస్క్. ఆయన వెనక తాడుకి మార్నీ, ఆ వెనక ఆమె మొగుడు రోల్ఫ్. నేను దెబ్బ తగిలిన మోకాలు చాపుకుని స్టవ్ మీద మంచు కరగబెడుతున్నాను, వచ్చేవాళ్ళకి వేడిగా ఏదైనా ఇద్దామని. హమ్మయ్య అనుకున్నాను. పొద్దున చీకటితో పైకి వెళ్తూ దారి తప్పకుండా గుచ్చుకుంటూ వెళ్ళిన పుల్లలు అవి, దిగేటప్పుడు అందరికంటే చివర వచ్చే తాడు వాళ్ళు, అంటే ఒకే తాడుకి కట్టుకుని నడిచే ముగ్గురు, వాటిని పీక్కుంటూ రావాలి, కొండ మీద మనదంటూ ఏదీ మిగలకూడదు, మా క్లబ్బులో దీని గురించి ఎవరూ రెండోసారి ఆలోచించరు. అందరికంటే చివర వచ్చేవాళ్ళు. ఆ మాట దగ్గర నా ఆలోచన కాలు తట్టుకుని ఆగింది. బ్రిట్టా ఇంకా రాలేదు, నా కూతురు ఇంకా పైనే ఉంది, మరి పుల్లలెందుకు వచ్చాయి.

"టీ ఉందా వెర్నా?" అన్నాడు ఎల్డన్, మీసాల నిండా మంచు పేరుకుని, నవ్వుతూనే. "పిల్లలు అప్పుడే ముసుగు తన్నేశారా?"

"ఏ పిల్లలు?"

"బ్రిట్టా వాళ్ళు. మాకంటే ముందే దిగారుగా."

"మీకెవరు చెప్పారు?"

ఆయన రెండో గుడారం వైపు చూశాడు. మార్నీ నడుముకున్న తాడు కూడా విప్పుకోకుండా వెళ్ళి జిప్పు లాగింది. మూడు స్లీపింగ్ బ్యాగులు, లోపల కట్టిన దారం మీద బ్రిట్టా తడి సాక్సులు, బోర్లా పెట్టిన డెస్మండ్ పుస్తకం, ఎవరో సగం తిని మడిచిపెట్టిన చాక్లెట్టు. మార్నీ జిప్పు మళ్ళీ మూసింది, జాగ్రత్తగా, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు. నా చేతిలో గిన్నె ఒలికి స్టవ్ ఆరిపోయింది.

ముక్కలు ముక్కలుగా చెప్పారు, ఒకళ్ళ మాట మీద ఒకళ్ళు పడుతూ. పొద్దున రెండు తాళ్ళూ కలిసే బయల్దేరాయి, ఎల్డన్ తాడు ముందు, బ్రిట్టా తాడు వెనక. బ్రిట్టాతో డెస్మండ్, సెప్టెంబర్లో దాన్ని పెళ్ళి చేసుకోబోయేవాడు, ఇంకా కోల్బీ అని క్లబ్బులో కొత్తగా చేరిన అబ్బాయి. కోల్బీ మొహం పొద్దున్నే పాలిపోయి ఉంది, ఓట్స్ రెండు చెంచాలు తిని గిన్నె పక్కన పెట్టేశాడు, అది నేనూ చూశాను. శిఖరం మీద ఎల్డన్ వాళ్ళు చాలాసేపు ఆగారు, వెనక తాడు రాలేదు. పడమటి నుంచి మబ్బు ఎక్కి వస్తుంటే దిగడం మొదలుపెట్టారు. ఎర్ర రాళ్ళ గుట్ట దాటాక మంచులో ముగ్గురి అడుగులు కిందికి పోతున్నట్టు కనిపించాయి. కోల్బీకి బాగాలేక వెనక్కి తిరిగారన్నమాట అనుకున్నారు. రేడియోలో నన్ను పిలిచాడట ఎల్డన్, నేను పలకలేదట. పలకలేదు. చలికి బ్యాటరీ చచ్చిపోతుందని రేడియోని స్లీపింగ్ బ్యాగులో చుట్టిపెట్టి, బయట కూర్చుని స్టవ్‌కి గాలి తగలకుండా మంచు గోడ కట్టుకుంటున్నాను నేను, బొమ్మరిల్లు కట్టుకునే పిల్లలాగా. సరే, పలకలేదు, పలకనిది పలికినట్టు ఎలా లెక్క, పలికేదాకా ఆగొద్దా. ఆయన ఆగలేదు. మబ్బు తరుముతోంది, బ్రిట్టా తాడు ముందే దిగిపోయింది, ఇక చివరి తాడు తమదే కదా అని పుల్లలు పీకడం మొదలుపెట్టాడు.

"ఎర్ర రాళ్ళ దగ్గర ఎవరో ఉన్నారు కదా," అంది మార్నీ మెల్లగా.

"వాళ్ళు వేరే గుంపు," అన్నాడు రోల్ఫ్. "ఒకతను రాళ్ళ చాటున కూర్చుని ఉన్నాడు, నీలం సంచీతో. మిగతా ఇద్దరూ అటు తిరిగి నించున్నారు."

"ఆ ఇద్దరూ ఎవరు?"

"అలాంటప్పుడు ఎవరైనా తేరిపార చూస్తారా వెర్నా?"

చూడరు. అదీ నిజమే. ఈ కొండల మీద దొడ్డికి కూర్చుంటే ఎవరిది వాళ్ళు నీలం సంచీలో మూటగట్టి కిందికి మోసుకురావాలి, ఉత్త మంచు మీద చాటు అంటూ ఉండదు, తాడు విప్పుకోవడం కుదరదు, అందుకని తోటివాళ్ళు వీపు తిప్పి నించుంటారు, దారిన పోయేవాళ్ళు పలకరించకుండా తల తిప్పుకుని పోతారు. ఈ మర్యాద మాకు నేర్పింది ఎల్డనే, మా ఊరు యాకిమా హైస్కూల్లో ఆయన పిల్లలకి వడ్రంగం చెప్పిన గదిలో, రంపపు పొట్టు వాసన మధ్య, మొట్టమొదటి క్లాసులో. దేశాధ్యక్షుడు కూర్చున్నా సరే, మీరు మబ్బుల్ని చూసుకుంటూ పోండి అన్నాడు, అందరం పగలబడి నవ్వాం, బ్రిట్టా నా భుజం మీద తల వాల్చి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఇవాళ నా కూతురు గాలికి ముసుగు లాక్కుని వీపు తిప్పి నించుని ఉంటే, నెల నెలా తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుకి దాని ఇంటికొచ్చి దాని చేతి క్యాసరోల్ తినే మనుషులు మబ్బుల్ని చూసుకుంటూ దాని పక్కనుంచే వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ దాని దారి పీక్కుని వెళ్ళారు.  కిందికి పోయిన ఆ ముగ్గురి అడుగులు నిన్నెవరో దిగినవి అయ్యుంటాయి, కొండ మీద అడుగులకేం, ఎవరివైనా ఒకేలా ఉంటాయి.

నేను స్కూలు బస్సు నడుపుతాను. ఆపిల్ తోటల మధ్య తిరిగే దారి నాది, మంచు పడే రోజుల్లో కూడా. రోజూ ట్రిప్పు అయ్యాక ఇంజను ఆపి చివరి సీటు దాకా నడవాలి, ప్రతి సీటు కిందా వంగి చూడాలి, బస్సు ఖాళీగా ఉందని కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది, అద్దంలో ఒక్క తలకాయ కూడా లేదు, అయినా నడవాలి. నడుము నొప్పి ఉన్నా నడుస్తాను, ఇంటికి తొందరున్నా నడుస్తాను. ఓసారి ఒక చిన్నది సీటు కింద బ్యాగు తలకింద పెట్టుకుని నిద్రపోయింది, పిలిస్తే పలకదు, వంగితేనే కనిపించింది. ఆ ఒక్కసారి కోసం ఇన్నేళ్ళూ వంగుతున్నాను. ఎల్డన్ వంగలేదు. ఆ మాటే ఆయన మొహం మీద అనేశాను, ఇంకా చాలా అన్నాను, నోరు పారేసుకున్నాను, నీ మర్యాద కాలిపోను అన్నాను, నా పిల్లకి ఏమన్నా అయితే నిన్ను బతకనివ్వను అన్నాను. డెబ్బై ఏళ్ళ మనిషి. తల వంచుకుని పుల్లల కట్ట విప్పుతూ విన్నాడు. ముడి ఊడి రావడం లేదు. ముడులు వేయడం మా అందరికీ నేర్పినవాడు. ఆయన దగ్గరున్న సహాయం పిలిచే పెట్టెలో మీట నొక్కాడు, కాసేపటికి దాని చిన్న తెర మీద జవాబొచ్చింది, మబ్బు తొలగేదాకా హెలికాప్టర్ రాదు, నడిచి వచ్చే జట్టు రేపు పొద్దుటికి చేరుతుంది, ఉన్నచోటే ఉండండి. రేపు పొద్దుట. ఉన్నచోటే.

ఉన్నచోటే ఉండేవాళ్ళకి భయమేముంది. దిగి వచ్చేవాళ్ళకి కదా. మా గుడారాల పైన మంచు వాలు గౌను అంచులాగా వెడల్పుగా పరుచుకుని ఉంటుంది, ఎండ ఉన్నప్పుడు చూస్తే ఏమీ అనిపించదు, పిల్లలు జారుడుబండ ఆడుకోవచ్చు అనిపిస్తుంది. మబ్బులో దిగేవాడి కాళ్ళు పల్లం ఎటుంటే అటు పోతాయి, పల్లం కుడివైపుకి ఉంది, కుడివైపున గ్లేసియర్, అంటే గడ్డకట్టిన మంచు నది, విరిగి బీటలు బీటలుగా తెరుచుకుని ఉంది, కొన్నిటి మీద పల్చగా మంచు కప్పుకుని కనిపించను కూడా కనిపించవు. అందుకే ఆ పుల్లలు. పల్లాన్ని నమ్మకు, ఎడమకి రా, ఎడమకి రా అని పుల్ల పుల్లకీ చెప్పుకుంటూ రాతి వెన్ను చుట్టూ తిప్పి గుడారాల దగ్గరికి తెస్తాయి. బ్రిట్టా ఒక పుల్ల కోసం చూస్తుంది. కనిపించదు. మబ్బు కదా అనుకుంటుంది, ఇంకాస్త దిగితే కనిపిస్తుంది అనుకుంటుంది. దిగుతుంది. డెస్మండ్ ఫోన్లో మ్యాపు ఉంది, ఉంటే ఏం, ఈ చలికి ఫోన్ ఎంతసేపు. రేడియో ఉంటే పిలిచేది. రేడియో దాని దగ్గర లేదు, నా దగ్గర ఉంది. గుంపుకి రేడియోలు రెండే, తాడుకొకటి, పొద్దున అది తనది తీసి నా ఒళ్ళో పెట్టి, నువ్వు ఒక్కదానివే ఉంటావు కదమ్మా, కాలు కూడా బాగాలేదు, నీకే కావాలి అంది. వద్దన్నాను. గట్టిగా అనలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఒంటరిగా భయమేసింది, తీసుకున్నాను.

ఎల్డన్ కట్ట భుజాన వేసుకున్నాడు. "మళ్ళీ గుచ్చుకుంటూ వెళ్తాను," అన్నాడు. "ఎంత దూరం వెళ్ళగలిగితే అంత."

మార్నీ మొహం చూశాను. మంచు ఎండకి కమిలిన ఆ మొహంలో రక్తం లేదు. ఇప్పుడే దిగొచ్చారు, ఇంకా నీళ్ళు కూడా తాగలేదు. వెళ్ళొద్దు అనాలి, ముగ్గురు తప్పిపోతే చాలు ఆరుగురు అక్కర్లేదు అనాలి, క్లబ్బులో నేర్పింది అదే. నేను అనలేదు. నువ్వే పీకావు, నువ్వే గుచ్చు అన్నాను. రోల్ఫ్ ఏదో అనబోతే మార్నీ అతని మోచెయ్యి పట్టుకుంది. తాడు సరిచూసుకున్నారు, ఎల్డన్ నా చేతిలో పెద్ద గిన్నె, ఇనప గరిటె పెట్టాడు.

"ఈలకి పెదాలు మొద్దుబారిపోతాయి. ఇది కొడుతూ ఉండు. ఆపకు."

మబ్బు వాళ్ళని ఒక్కొక్కళ్ళనే మింగింది, ఎల్డన్‌ని, మార్నీని, చివరికి రోల్ఫ్ వీపు సంచీ మీది నారింజ రంగు చాపని. తాడు మాత్రం కాసేపు కదులుతూ కనిపించింది, తర్వాత అదీ లేదు.

కొడుతున్నాను. గిన్నె మంచిది, దెబ్బకి ఖంగుమంటుంది, కొట్టి ఆగి వింటాను, మళ్ళీ కొడతాను. ఏమీ లేదు. నా ఊపిరి, ముసుగు మీద మంచు పొడి రాలే చప్పుడు, అంతే. తెలుపు ఇంత భయపెడుతుందని ఎవరూ చెప్పరు, చీకటంటే పిల్లలు కూడా భయపడతారు, చీకట్లో దీపం పెట్టుకోవచ్చు, ఇందులో దీపం పెట్టినా తెలుపే. బ్రిట్టాకి నాలుగేళ్ళప్పుడు జాతరలో, అదే, సెప్టెంబర్ ఫెయిర్‌లో, పందుల దొడ్డి దగ్గర చెయ్యి వదిలేసింది. నేను పిచ్చిదానిలా పరుగెత్తాను, దాని నాన్న నార్మ్ అటు, నేను ఇటు, అప్పటికింకా నార్మ్, నేను ఒకే ఇంట్లో ఉన్నాం. అది ఎక్కడికీ పోలేదు, దొడ్డి కమ్మీలకి ఆనుకుని అక్కడే ఉంది, పెద్దవాళ్ళ కాళ్ళ మధ్య మాకు కనిపించలేదు, అంతే. నువ్వే తప్పిపోయావమ్మా అంది నాతో. నార్మ్ ఆ మాట ఎక్కడ పడితే అక్కడ చెప్పి నవ్వేవాడు. నార్మ్‌కి ఏం చెప్పాలి. స్పోకేన్‌లో ఈ పాటికి పడవ కడుక్కుంటూ ఉంటాడు, ఆదివారం కదా, చేతిలో బీరు. పిల్లని కొండల వెంట తిప్పుతున్నావ్, నీకేమన్నా మతి ఉందా అన్నాడు పోయిన క్రిస్‌మస్‌కి. నేను తిప్పడం ఏంటి, అదే నన్ను తిప్పుతోంది అన్నాను, గొప్పగా. నిజానికి క్లబ్బులో ముందు చేరింది నేను. విడాకులయ్యాక శనాదివారాలు ఇల్లు మీద పడి పీక నొక్కినట్టుండేది, యాకిమా అంతా మబ్బు లేని రోజున కొండ బయటికొచ్చింది చూడు అని మురిసిపోతుంది, నేనూ చూసి చూసి, దూరం నుంచి చూసి మురవడమేంటని చేరాను. రెండో ఏడు బ్రిట్టాని నేనే లాక్కొచ్చాను. రా, సరదాగా ఉంటుంది, మంచివాళ్ళు అన్నాను. మంచివాళ్ళే. అదే కదా నా ఖర్మ, చెడ్డవాళ్ళయితే తల తిప్పుకోకుండా చూసేవాళ్ళు.

కొట్టి, ఆగి, వింటున్నాను. రేడియో గరగరమంది. "నాలుగో పుల్ల గుచ్చాం," ఎల్డన్ గొంతు, గాలికి చిరిగిపోతూ. "అడుగులు పూడిపోయాయి. పిలుస్తున్నాం. నీ చప్పుడు వినిపిస్తోంది." సరే అన్నాను.  వినిపిస్తోందంటే వాళ్ళకి దారి తెలుస్తుంది, వాళ్ళకి వినిపిస్తే బ్రిట్టాకీ వినిపించాలి, అది ఇంకా పైన ఉంటే వినిపించదు, కింద ఉంటే, కింద ఎక్కడ ఉంటే, కాదు, అటు పోవద్దు. పొద్దున దాని మీద విసుక్కున్నాను. సాక్సులు తడిగా ఉన్నాయి, మార్చుకో అన్నాను, మార్చుకున్నానమ్మా అంది, ఏవీ చూపించు అన్నాను. డెస్మండ్ ముందు. ఇరవై ఆరేళ్ళది. నేను నీ బస్సులో పిల్లని కాదు అంది, నవ్వలేదు, హెల్మెట్ మీది లైటు నా కళ్ళలోకి కొట్టి అటు తిరిగింది. అది నాతో అన్న ఆఖరి మాట అదే. ఆఖరి అనే మాట ఎందుకొచ్చింది నా బుర్రలోకి. పొద్దున అన్న మాట, అంతే. పొద్దుటి మాట.

అప్పుడు విన్నాను. ఖంగు. నేను కొట్టలేదు. గరిటె నా చేతిలో గాల్లోనే ఉంది. కుడివైపు నుంచి, గ్లేసియర్ వైపు నుంచి, మెత్తగా, ఎవరో అటు కూర్చుని నాలాగే కొడుతున్నట్టు. ఒక్క క్షణం పిచ్చి ఆశ పుట్టింది, బ్రిట్టా గిన్నె కొడుతోందని, దాని దగ్గర గిన్నె ఎక్కడిది. మళ్ళీ కొట్టి చూశాను. మళ్ళీ వచ్చింది. నా ఎడమన గుడారాలని ఆనుకుని రాతి గోడ ఉంది, గాలి ఆపుతుందని నిన్న అందరం సంబరపడి దాని కిందే మకాం వేశాం, నా చప్పుడు ఆ గోడకి తగిలి కుడివైపుకి పోయి, అక్కడ పగిలి నిలబడ్డ మంచు గోడలకి తగిలి తిరిగొస్తోంది. మబ్బులో ఉన్నవాడికి ఏది గిన్నె, ఏది గోడ. ఎల్డన్‌కి వెనక పుల్లలున్నాయి, తప్పు వినిపించినా పుల్లల్ని పట్టుకుని వస్తాడు. బ్రిట్టాకి పుల్లల్లేవు. దానికి నేను ఒక్కదాన్నే ఉన్నాను, నేను కూర్చుని బీటల వైపు నుంచి దాన్ని రమ్మని పిలుస్తున్నానేమో. ఇంతసేపూ.  కొడితే అటు పోతుందేమో, ఆపితే ఎటు పోవాలో తెలియక పల్లం పట్టుకుని పోతుందేమో, అదీ అటే. ఏది చేసినా అటే. గరిటె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎంతసేపో తెలియదు. ఒక తల్లి తన పిల్లని పిలవకుండా నోరు మూసుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియకూడదు.

"వెర్నా, ఎందుకాపావు?" రేడియో. "ఏమైంది?"

చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. 

"గోడకి దూరంగా జరిగితే చప్పుడు తిరిగి రాదు," అన్నాడు ఎల్డన్. "పైకి, వాలు మీదికి. కానీ హద్దు దాటాలి. నువ్వు దాటొద్దు. మేమే వెనక్కి వస్తాం."

మకాం వేసేముందు పొడుగాటి ఊచతో అడుగడుగునా పొడిచి చూస్తాం, కింద గట్టిగా ఉన్నంత మేర నాలుగు మూలలా పుల్లలు పాతి హద్దు పెడతాం, తాడు లేకుండా నడిచేది ఆ హద్దులోపలే. అవతల ఏముందో ఎవరూ పొడిచి చూడలేదు. ఎల్డన్ వాళ్ళు వెనక్కి రావాలంటే ఎంతసేపు, ఆ సేపట్లో బ్రిట్టా ఎన్ని అడుగులు వేస్తుంది. గుడారానికి కట్టిన తాడు విప్పి నడుముకి కట్టుకున్నాను, రెండో కొస గుడారం ఎగిరిపోకుండా మంచులో పాతిన సంచీకి అలాగే ఉంది, అది నా బరువు ఆపుతుందో లేదో ఆపితే తెలుస్తుంది. నించోలేను, నించోకూడదు కూడా, బోర్లా పడుకుని బరువంతా పరుచుకుని పాకాను, గిన్నె ముందు పెట్టి నెట్టుకుంటూ. హద్దు పుల్ల నా చెంప పక్క నుంచి వెనక్కి వెళ్ళింది. భయమేసింది. మామూలు భయం కాదు, మోకాలి నొప్పి కూడా మర్చిపోయేంత భయం, కడుపు కింద మంచు పలచగా ఉందా, మందంగా ఉందా, దాని కింద నల్లగా ఎంత లోతుందో అని పొట్ట చర్మంతో వింటున్నాను. దేవుడితో నాకు పెద్దగా మాటల్లేవు, లూథరన్ చర్చికి వెళ్ళేది కాఫీ కోసమూ పియానో కోసమూ, అయినా అడిగాను, ఈ మంచు కాసేపు నా బరువు ఆపనీ, ఆ తర్వాత నీ ఇష్టం అన్నాను. తాడు బిగిసేదాకా పాకి, ఆగి, తల ఎత్తి, కొట్టాను. విన్నాను. కుడివైపు నుంచి ఏమీ తిరిగి రాలేదు. కొట్టాను. కొట్టాను. బ్రిట్టా అని అరిచాను, గొంతు చిరిగేలా, ఇటు, ఇటు, ఇటు.

ఎంతసేపటికో ఈల. ఒకటి. నా ఊహేమో అనుకున్నాను. మళ్ళీ ఒకటి, పైనుంచి కాదు, కుడివైపు నుంచి, నాకంటే దిగువ నుంచి. దిగువ నుంచి అంటే అప్పటికే నన్ను దాటేశారు, బీటల అంచున ఉన్నారు, వెనక్కి ఎక్కి రావాలి. నేను కొట్టడం ఆపలేదు, ఆపితే ఆ దారం తెగిపోతుంది. ఈల దగ్గరైంది, దూరమైంది, మళ్ళీ దగ్గరైంది. అప్పుడు మబ్బులో ఒక మరక, ఆ మరకకి కాళ్ళు, చేతిలో మంచు గొడ్డలి, నడుముకి తాడు. నా పేగుల్లోంచి ఏదో చప్పుడొచ్చింది, అది ఏడుపో నవ్వో నాకే తెలియదు. లేచాను, లేవబోయాను.

"అమ్మా, కదలకు." దాని గొంతు. బొంగురుగా, కోపంగా. "హద్దు దాటొచ్చి ఏం చేస్తున్నావు నువ్వు? పడుకో. పడుకోమంటున్నానా."

పడుకున్నాను. అది తన తాడు ఉన్నంత మేర వచ్చి, మా ఇద్దరి మధ్య మంచుని గొడ్డలి పిడితో పొడుస్తూ వచ్చింది. ఒక పోటుకి పిడి ఆగింది, ఇంకో పోటుకి ఆగింది, మూడో పోటుకి అడ్డేమీ లేనట్టు దాని పిడికిలి దాకా దిగిపోయింది. నా మొహానికి మూరెడు దూరంలో. బ్రిట్టా మొహం చూశాను, అది నా మొహం చూసింది. వెనక్కి జరిగి, చుట్టు తిరిగి వచ్చి, పొడుచుకుంటూ నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నా నడుముకి తన కొక్కెం తగిలించింది. తగిలించాక నా మెడ పట్టుకుని నా ముసుగులో మొహం దూర్చింది. వెనక డెస్మండ్, అతని వెనక కోల్బీ, సున్నం కొట్టినట్టున్న మొహంతో. ఎంతసేపు అలా ఉన్నామో. అంతసేపూ లోకంలో మరో మనిషి ఉన్నాడన్న సంగతే నాకు గుర్తు లేదు.

రేడియో గరగరమంటే గుర్తొచ్చింది.

"వచ్చారు," అన్నాను.

"ఎవరు?"

"బ్రిట్టా వాళ్ళు. ముగ్గురూ."

"ఒక్కొక్కళ్ళనీ మాట్లాడించు," అన్నాడు ఎల్డన్. "నువ్వు చెప్తే కాదు. నేను వినాలి."

బ్రిట్టా మాట్లాడింది. డెస్మండ్ మాట్లాడాడు. కోల్బీ రేడియో తీసుకుని మీట నొక్కి, "నేను కోల్బీనండీ. నా వల్లే ఇదంతా. పొట్ట అస్సలు ఆగలేదు," అన్నాడు.

అటు నుంచి చాలాసేపు గాలి హోరు. ఆ హోరులో ఒక ముసలాయన ఏడుస్తున్నాడు, మీట మీంచి వేలు తియ్యడం మర్చిపోయి. తర్వాత గొంతు సవరించుకుని, "ఇప్పుడెలా ఉంది పొట్ట?" అని అడిగాడు. కోల్బీ పర్లేదన్నాడు. "రోల్ఫ్ కాలు ఒక బీటలోకి దిగింది," అన్నాడు ఎల్డన్, "లాగాం, మడమ బెణికింది, నెమ్మదిగా దిగాలి. పుల్లలు రెండు మూడు గాలికి పడిపోయినట్టున్నాయి, కనిపించడం లేదు. వెర్నా, కొట్టడం ఆపకు."

పుల్లలు పడిపోయాయి. నువ్వే పీకావు, నువ్వే గుచ్చు అన్నది నేను. బ్రిట్టా నా చేతిలోంచి గరిటె తీసుకోబోయింది, వేళ్ళు నీలంగా అయిపోయాయమ్మా, ఇలా ఇయ్యి, లోపలికి పోయి పడుకో అంది. ఇవ్వలేదు. వాలు మీద అక్కడే, దాని తాడుకి తగిలించుకుని, దాన్ని వెనక కూర్చోబెట్టుకుని కొడుతున్నాను. దాని గడ్డం నా భుజం మీద ఉంది, ఊపిరి వెచ్చగా చెవికి తగులుతోంది. చూపు మాత్రం పైకి, ఏమీ లేని తెలుపులోకి. ఎల్డన్, మార్నీ, రోల్ఫ్ అనుకుంటూ దెబ్బకొక పేరు కొడుతున్నాను. బ్రిట్టా పేరు ఇక అక్కర్లేదని నా నోటికి ఇంకా నమ్మకం కుదరలేదు, మధ్య మధ్య అదీ వచ్చేస్తోంది.